‘నిరూపించారు’ అనే ముందు: వివాదాస్పద నిర్ణయాలను చెప్పే క్రియాపదాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు సాహిత్యపరిశోధనలో కవికాలం, గ్రంథకర్తృత్వం, భాషాసంబంధం వంటి అంశాలపై పండితులు చేసిన నిర్ణయాలలో కొన్ని స్థిరపడ్డాయి. కొన్ని నేటికీ వివాదంలో ఉన్నాయి. ఈ రెండు రకాలనూ ‘నిరూపించారు’, ‘స్పష్టం చేశారు’, ‘పేర్కొన్నారు’ అనే కొద్దిపాటి క్రియలతోనే చెప్పడం నేటి పరిశోధనవ్యాసాలలో తరచుగా కనిపిస్తుంది. దీనివల్ల మూలపండితుడు సందేహంతో చెప్పిన మాట రెండు మూడు ఉల్లేఖనలు దాటేసరికి నిశ్చయంగా మారుతున్నది. నన్నెచోడుని కాలం, ఆంధ్రశబ్దచింతామణి కర్తృత్వం, క్రీడాభిరామ కర్తృత్వం, ద్రావిడభాషా సంబంధం అనే అంశాలను ఉదాహరణలుగా తీసుకొని, క్రియాపదం ఎంపిక ప్రమాణబలాన్ని అంచనా వేయడమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆంగ్లసంగ్రహాల రచనలో ఎదురయ్యే ఇబ్బందులనూ పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పరిశోధనభాష, నివేదక క్రియలు, ప్రమాణం, అనుమానం, కవికాలనిర్ణయం, కర్తృత్వ వివాదం, ఆంగ్లసంగ్రహం.

1. ఉపోద్ఘాతం:

నా సిద్ధాంతగ్రంథం మౌఖికపరీక్షలో పరీక్షకులు ఒక వాక్యం దగ్గర ఆగారు. ఒక పూర్వపండితుని అభిప్రాయాన్ని ఉటంకిస్తూ నేను ‘నిరూపించారు’ అని రాశాను. “ఏ ప్రమాణంతో నిరూపించారు?” అన్నది ప్రశ్న. నా దగ్గర సమాధానం లేదు. ఆ వాక్యాన్ని నేను మూలగ్రంథం నుంచి కాక మరొక సిద్ధాంతగ్రంథం నుంచి తీసుకున్నాను. తరువాత మూలం తెరిచి చూస్తే ఆ పండితుడు ‘అని తోచుచున్నది’ అని మాత్రమే రాసి ఉన్నారు. ఆయన తోచినదని చెప్పిన విషయాన్ని నాకు ముందు రాసినవారు నిశ్చయించారు. నేను దానిని నిరూపణగా స్థిరపరిచాను. మా ఇద్దరిలో ఎవరమూ కొత్త ఆధారం ఒక్కటి కూడా చేర్చలేదు.

ఈ పొరపాటు నా ఒక్కరిదే అయితే వ్యాసం అవసరం ఉండేది కాదు. పరిశోధనవిద్యార్థుల రచనలు దిద్దేటప్పుడు ఇదే స్థితి మళ్లీ మళ్లీ ఎదురవుతున్నది. దీనిని భాషాదోషంగా భావించి ఎర్రసిరాతో సరిచేస్తే సరిపోదు. ఏది తెలిసినది, ఏది ఊహించినది, ఏది ఇంకా తేలవలసినది అనే విభజనపైనే పరిశోధన ఆధారపడి ఉంది. ఆ విభజనను వాక్యంలో మోసేది క్రియాపదమే.

2. నివేదక క్రియలు – తరతమ భేదం:

ఇతరుల నిర్ణయాన్ని మన వాక్యంలో చెప్పడానికి వాడే క్రియలను నివేదక క్రియలు అనవచ్చు. తెలుగులో ఇవి తక్కువేమీ కాదు. ప్రమాణబలాన్నిబట్టి వాటిని స్థూలంగా ఐదు తరగతులుగా చూడవచ్చు.

మొదటిది, ఊహించారు, భావించారు, అభిప్రాయపడ్డారు. ఇవి నిర్ణయాన్ని చేసిన వ్యక్తికే పరిమితం చేస్తాయి. రెండవది, సూచించారు, ప్రతిపాదించారు. కొంత ఆధారం ఉన్నదని, చర్చకు అవకాశం ఉన్నదని ఇవి తెలుపుతాయి. మూడవది, వాదించారు, సమర్థించారు. ఎదుటిపక్షం ఒకటి ఉన్నదని, దానికి ప్రతిగా హేతువులు చూపారని వీటి అర్థం. నాలుగవది, చూపించారు, నిర్ధారించారు, నిరూపించారు. ఇక్కడ ప్రమాణం సరిపోయిందని రాసేవారు కూడా ఒప్పుకున్నట్టే. ఐదవది, గుర్తించారు, కనుగొన్నారు, వెలికితీశారు. ఇవి నిర్ణయం సత్యమేనని ముందుగానే అంగీకరించి మాట్లాడతాయి.

ఐదవ తరగతి విషయంలో ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. 1970లో పాల్ కిపార్‌స్కీ, కెరొల్ కిపార్‌స్కీ ఇటువంటి క్రియలను ‘ఫ్యాక్టివ్’ క్రియలుగా వివరించారు. వాక్యాన్ని వ్యతిరేకార్థంలోకి మార్చినా వాటి లోపలి విషయం సత్యంగానే నిలుస్తుంది. ‘నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని ఆ విమర్శకుడు వాదించలేదు’ అన్నప్పుడు నన్నెచోడుని కాలం గురించి మనం ఏమీ తేల్చలేదు. ‘నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని ఆ విమర్శకుడు గుర్తించలేదు’ అంటే పూర్వుడన్నది సత్యమని మనం తీర్పు చెప్పి, విమర్శకుని లోపాన్ని ఎత్తిచూపినట్టు. ఒక్క క్రియతో వివాదంలో ఒక పక్షం చేరిపోయాం. చేరినట్టు మనకే తెలియదు.

‘పేర్కొన్నారు’ అనేది ఏ పక్షమూ చేరదు కనుక సురక్షితమని చాలామంది భావిస్తారు. అది పుట, గ్రంథం వంటి సమాచారానికి చాలుతుంది. వివాదాంశంలో మాత్రం పాఠకుడు తెలుసుకోదలచినదాన్నే, అంటే ఆధారం ఎంత గట్టిదో, అది దాచివేస్తుంది.

3. నన్నెచోడుని కాలం:

మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలుగులోకి తెచ్చి, ఆ కవి నన్నయకు పూర్వుడని, 10వ శతాబ్దివాడని ప్రతిపాదించారు. ఆదికవి ఎవరన్న ప్రశ్న దానితో కొత్తగా లేచింది. ఆ తరువాత ఆయనను 12వ శతాబ్దికి చెందినవాడన్నవారు ఉన్నారు. ఇంకా తరువాతికి జరిపినవారు ఉన్నారు. కావ్యాన్నే కూటసృష్టిగా శంకించినవారూ ఉన్నారు.

ఈ చర్చలో వాడిన ఆధారాలను విడదీసి చూస్తే వాటి స్వభావం తెలుస్తుంది. ఒకటి, భాషలోని ప్రాచీనరూపాలు. ఇవి కాలాన్ని సూచించగలవు. అయితే కవి కావాలని ప్రాచీనరూపాలు వాడే అవకాశం, లేఖకుల మార్పులు అనే రెండు అడ్డంకులు ఉన్నాయి. రెండు, చాళుక్యరాజు మొదలైనవారు ఆంధ్రదేశంలో దేశికవితను నెలకొల్పారన్న కావ్యావతారికలోని ప్రస్తావన. ఆ రాజు రాజరాజనరేంద్రుడే అనుకుంటే నన్నెచోడుడు నన్నయకు తరువాతివాడవుతాడు. పద్యంలో ఆ రాజు పేరు లేదు కనుక మరొక చాళుక్యుడని చెప్పే వీలు మిగులుతుంది. మూడు, కవి గురువైన జంగమ మల్లికార్జునుని మల్లికార్జున పండితారాధ్యునితో అభేదంగా చూడడం. ఇది పేరులోని సామ్యంపై నిలిచిన గుర్తింపు. నాలుగు, నన్నయను స్మరించకపోవడం. ఇది మౌనం నుంచి తీసిన హేతువు.

వీటిలో ఏ ఒక్కటీ ‘నిరూపించారు’ అనే క్రియను మోయలేదు. కలిపి చూసినప్పుడు ఒక పక్షం బలంగా కనిపించవచ్చు. నన్నయకు తరువాతివాడన్న పక్షాన్నే ఎక్కువమంది స్వీకరించారు. అయినా ‘ఎక్కువమంది పండితులు అంగీకరించారు’ అన్న వాక్యానికి, ‘నిరూపితమైంది’ అన్న వాక్యానికి మధ్య ఉన్న దూరం తరగతిగదిలో తరచుగా చెరిగిపోతుంది. పోటీపరీక్షలలో బహుళైచ్ఛిక ప్రశ్నకు ఒకే సమాధానం కావాలి కాబట్టి విద్యార్థి ఒక శతాబ్దిని కంఠస్థం చేస్తాడు. అదే విద్యార్థి పరిశోధకుడైనప్పుడు ఆ శతాబ్ది అతనికి వాదంగా కాక సమాచారంగా కనిపిస్తుంది. తిరిగి పరిశీలించవలసిన ప్రశ్న ఒకటి అక్కడ ఉన్నదన్న సంగతే అతని దృష్టికి రాదు. నష్టం అక్కడ జరుగుతున్నది.

4. కర్తృత్వ వివాదాలు – ‘ఖండించారు’ అనే పదం:

ఆంధ్రశబ్దచింతామణి నన్నయ రచన అన్న సంప్రదాయాన్ని వివరంగా కథగా చెప్పినది అప్పకవి. ఆయన తన గ్రంథావతరణను చెప్పుకున్న శకవర్షం 1578, అంటే క్రీ.శ. 1656. నన్నయ 11వ శతాబ్దివాడు. ఇద్దరికీ నడుమ ఆరు వందల ఏళ్లు ఉన్నాయి. ఈ స్థితిలో ‘నన్నయ ఆంధ్రశబ్దచింతామణి రచించాడని అప్పకవి తెలియజేశాడు’ అనడం సరికాదు. ‘తెలియజేయడం’ సత్యాన్ని అంగీకరించే క్రియ. ‘అప్పకవి చెప్పిన కథ ప్రకారం’ అంటే సరిపోతుంది. తెలుగులో ‘అట’ అనే చిన్నమాట శతాబ్దాలుగా చేస్తున్న పని ఇదే: విన్నదానికి, చూసినదానికి నడుమ గీత గీయడం.

క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయని పేరుతో ఉన్నది. వేటూరి ప్రభాకరశాస్త్రి దానిని శ్రీనాథుని రచనగా భావించి హేతువులు చూపారు. ఆ మతాన్ని అంగీకరించనివారు ఉన్నారు. ఈ చర్చను సంగ్రహించేటప్పుడు ‘ఖండించారు’ అనే క్రియ ఎదురవుతుంది. శాస్త్రచర్చలో ఖండనం అంటే పరపక్షాన్ని హేతువులతో నిలువకుండా చేయడం. పత్రికాభాషలో ఆరోపణలను ఖండించడమంటే కాదనడం మాత్రమే. దాడిని ఖండించడమంటే నిందించడం. ‘ప్రభాకరశాస్త్రి మతాన్ని ఫలానావారు ఖండించారు’ అని రాస్తే పాఠకుడు ఏ అర్థం తీసుకోవాలి? ఆ మతం తొలగిపోయిందనా, ఫలానావారు ఒప్పుకోలేదనా? రెండవదైతే ‘అంగీకరించలేదు’, ‘విభేదించారు’ అనే స్పష్టమైన మాటలు ఉన్నాయి. మొదటిదైతే ఏ హేతువు ఏ హేతువును పడగొట్టిందో చూపిన తరువాతే ‘ఖండించారు’ అనాలి.

5. ‘నిరూపణ’ తగిన సందర్భాలు:

ఇదంతా చదివి ప్రతి వాక్యానికీ ‘బహుశా’ తగిలించాలని అనుకుంటే అది మరొక దోషం. నిరూపణ జరిగినచోట జరిగిందని చెప్పడం కూడా సత్యనిష్ఠే.

తెలుగు సంస్కృతజన్యం కాదని, తమిళ కన్నడాదులతో కలిసి ఒక కుటుంబానికి చెందినదని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో, ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ఉపోద్ఘాతంలో హేతువులతో వాదించారు. 1856లో కాల్డ్‌వెల్ తులనాత్మక వ్యాకరణం, 1961లో బరో–ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు, అదే ఏడు వెలువడిన భద్రిరాజు కృష్ణమూర్తి ‘తెలుగు వెర్బల్ బేసెస్’ ఆ సంబంధాన్ని నియతమైన ధ్వనిసామ్యాలతో స్థిరపరిచాయి. ఇక్కడ ‘నిరూపితమైంది’ అనడానికి సంకోచించనవసరం లేదు.

అదే రంగంలో మరొక మెట్టు చూద్దాం. ద్రావిడకుటుంబంలో తెలుగు ఏ ఉపశాఖకు చెందుతుందన్న విషయంలో కృష్ణమూర్తి మొదట తెలుగును మధ్యద్రావిడశాఖలో చేర్చి, తరువాత తన నిర్ణయాన్ని సవరించుకొని దక్షిణద్రావిడంలోని రెండవ ఉపశాఖలో ఉంచారు. మొదటి గ్రంథాన్ని మాత్రమే చదివి ‘కృష్ణమూర్తి నిరూపించారు’ అని రాసినవారు, ఆయనే విడిచిన అభిప్రాయాన్ని ఆయన పేరుతో నిలబెట్టినవారవుతారు. ఇక ద్రావిడభాషలకు ఎలామైట్ భాషతో సంబంధం ఉన్నదన్న డేవిడ్ మెక్‌ఆల్పిన్ వాదం ప్రతిపాదన స్థాయిలోనే ఉన్నది. ఎక్కువమంది భాషావేత్తలు దానిని స్వీకరించలేదు. ఒకే రంగంలోని మూడు నిర్ణయాలకు మూడు వేర్వేరు క్రియలు కావలసివస్తున్నాయి.

కడపప్రాంతంలోని కలమళ్ల శాసనం విషయమూ ఇటువంటిదే. ‘తెలుగులో తొలిశాసనం’ అన్నదానికన్నా ‘ఇంతవరకు లభించినవాటిలో తొలి తెలుగు శాసనంగా భావిస్తున్నది’ అన్నది సరైన వాక్యం. ఎరికల్ ముత్తురాజు పేరు శాసనంలో ప్రత్యక్షంగా ఉన్నది. క్రీ.శ. 575 ప్రాంతమన్న కాలం మాత్రం లిపిరీతి వంటివాటినిబట్టి చేసిన నిర్ణయం. ఒకే శాసనంలో చూసినది, ఊహించినది పక్కపక్కనే ఉన్నాయి.

6. ఆంగ్లసంగ్రహాల రచన:

తెలుగు వ్యాసానికి ఆంగ్లసంగ్రహం జతచేయవలసివచ్చినప్పుడు సమస్య రెట్టింపవుతుంది. ఆంగ్ల పరిశోధనభాషలో ఈ అంశంపై విస్తృతమైన అధ్యయనం ఉన్నది. నిశ్చయాన్ని సడలించే పదాలకు జార్జ్ లేకాఫ్ 1972లో ‘హెడ్జ్’ అనే పేరును భాషాశాస్త్రంలో ప్రచారంలోకి తెచ్చారు. శాస్త్రవ్యాసాలలో వాటి వినియోగంపై కెన్ హైలండ్ 1998లో ప్రత్యేకగ్రంథం ప్రచురించారు.

మన సంగ్రహాలలో తరచుగా తడబడే పదాలు నాలుగు. ‘ప్రూవ్’ గణితంలో, న్యాయస్థానంలో సహజంగా ఒదిగే పదం. కావ్యార్థచర్చలో దానికి చోటు అరుదు. ‘ఆర్గ్యూ’ అంటే తగాదా అనుకొని చాలామంది వదిలివేస్తారు. నిజానికి హేతువులతో ఒక పక్షాన్ని నిలబెట్టడమే ఆ పదానికి అక్కడున్న అర్థం. మానవల్లివారి ప్రతిపాదనను చెప్పడానికి ‘ఆర్గ్యూడ్’ సరిగ్గా సరిపోతుంది. ‘క్లెయిమ్’ను ‘పేర్కొన్నారు’కు సమానంగా వాడతారు. ఆంగ్లపాఠకునికి అందులో ‘తాను అన్నాడు గానీ నేను పూచీ పడను’ అన్న ధ్వని తరచుగా వినిపిస్తుంది. మనం గౌరవంతో ఉటంకించిన పండితునిపై మనకే తెలియకుండా అనుమానపు నీడ పడుతుంది. ‘రిఫ్యూట్’ను కాదనడానికి వాడతారు. సంప్రదాయార్థంలో అది తప్పని రుజువు చేయడం. కేవలం విభేదించినప్పుడు ‘డిస్ప్యూట్’ లేదా ‘రిజెక్ట్’ చాలు. మన ‘ఖండించారు’లోని తికమకే ఇక్కడ సముద్రం దాటుతున్నది.

‘సజెస్ట్’ను సలహా ఇవ్వడంగా మాత్రమే ఎరిగినవారు ఆధారాలు కర్తగా ఉన్న ఆంగ్లవాక్యాన్ని చూసి తికమకపడతారు. ‘ఈ ఆధారాలనుబట్టి ఇలా ఊహించవచ్చు’ అన్న తెలుగువాక్యానికి అది దగ్గరి రూపం. ఈ పదం బలహీనమైనదనుకోవడం కూడా పొరపాటు. 1953 ఏప్రిల్‌లో ‘నేచర్’ పత్రికలో డీఎన్‌ఏ నిర్మాణాన్ని ప్రకటించిన వాట్సన్, క్రిక్‌ల వ్యాసం మొదటి వాక్యంలో వాడిన క్రియ ఇదే. అంతటి నిర్ణయానికి సరిపోయిన క్రియ మన నిర్ణయాలకు చిన్నది కాబోదు.

7. శాస్త్రసంప్రదాయంలో మూలాలు:

ఈ వివేకాన్ని ఆంగ్లం నుంచి అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు. న్యాయశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను వేరుచేసింది. ఇందులో అనుమానం అంటే హేతువునుబట్టి సాధ్యాన్ని చేరే జ్ఞానం. నేటి వ్యవహారంలో అదే మాట సందేహానికి వాచకమైంది. ‘ఊహ’కు కూడా ఇటువంటి గతే పట్టింది. హేతుబద్ధమైన ఊహకు గౌరవం పోవడంతో పరిశోధకుడు తన అనుమానాన్ని నిరూపణగా చెప్పుకుంటేనే విలువ ఉంటుందని భయపడుతున్నాడు.

శాస్త్రపరిభాషను తిరిగి చర్చలోకి తెస్తే ప్రయోజనం వెంటనే కనిపిస్తుంది. ‘నన్నెచోడుడు నన్నయను స్మరించలేదు కనుక నన్నయకు పూర్వుడు’ అన్న అనుమానం నిలవాలంటే, నన్నయ తరువాతి కవులందరూ ఆయనను స్మరించారన్న వ్యాప్తి కావాలి. స్మరించని తరువాతి కవి ఒక్కడున్నా హేతువు సవ్యభిచారమవుతుంది. ఈ పరీక్షకు నిలవని హేతువును ‘సూచన’గా ఉంచుకోవచ్చు, ‘నిరూపణ’గా కాదు. పూర్వపక్షాన్ని దాని పూర్తిబలంతో చెప్పిన తరువాతే సిద్ధాంతం చెప్పాలన్న నియమమూ మనదే. మన పట్టాగ్రంథాన్ని ‘సిద్ధాంతగ్రంథం’ అంటున్నాం. అందులో పూర్వపక్షానికి ఎన్ని పుటలు కేటాయిస్తున్నామన్నది ఆలోచించవలసిన విషయం.

8. గౌరవం – ప్రమాణం:

ఈ పదాల వాడుకలో అజ్ఞానం కన్నా బలమైన కారణం మరొకటి ఉన్నదని నా అభిప్రాయం. అది మర్యాద. పెద్దవారైన పండితుని గురించి ‘ఊహించారు’ అనడం తక్కువచేసినట్టు, ‘వాదించారు’ అనడం తగాదాకోరుగా చూపినట్టు మనకు తోస్తుంది. మన పర్యవేక్షకులు ఆ పండితుని శిష్యపరంపరలోనివారైతే సంకోచం మరింత పెరుగుతుంది. అందువల్ల ‘నిరూపించారు’ అనేది ఆధారానికి కొలతగా కాక, నమస్కారంగా వాక్యంలో చేరుతున్నది.

తెలుగు వాక్యంలో గౌరవం చెప్పడానికి బహువచనం ఉంది, ‘గారు’ ఉంది. ప్రమాణబలం చెప్పడానికి క్రియ తప్ప వేరే చోటు లేదు. ఆ ఒక్క చోటునూ మర్యాదకే ఇచ్చివేస్తే పాఠకునికి మిగిలేది ఏమిటి? పైగా ‘తోచుచున్నది’ అని జాగ్రత్తగా రాసుకున్న పండితునిపై ‘నిరూపించారు’ అన్న బరువు మోపడం ఆయనకు గౌరవం కాదు. రేపు ఎవరైనా ఆ అభిప్రాయాన్ని తొలగిస్తే, ఆయన చేయని పొరపాటు ఆయన పేరున మిగులుతుంది.

ఒక ఆక్షేపణ రావచ్చు. సడలింపుపదాలు ఎక్కువైతే పరిశోధన పిరికిదవుతుంది గదా? నిజమే. ‘బహుశా అయివుండవచ్చునేమోనని భావించవచ్చు’ అన్న వాక్యంలో నాలుగు సడలింపులు ఉన్నాయి. నిర్ణయం మాత్రం లేదు. ఇది వినయం కాదు, బాధ్యత నుంచి తప్పుకోవడం. ఒక సందేహానికి ఒక సడలింపు, ఆ సందేహానికి కారణం పక్కనే ఒక వాక్యంలో చెప్పడం సరైన పద్ధతి. ‘చాళుక్యరాజు పేరు పద్యంలో లేదు కనుక ఈ గుర్తింపు సంభావ్యం మాత్రమే’ అన్నప్పుడు పిరికితనం కనిపించదు. తరువాతి పరిశోధకుడు ఎక్కడ మొదలుపెట్టాలో కనిపిస్తుంది.

9. ముగింపు:

1. నివేదక క్రియ అలంకారం కాదు. ఉటంకించే నిర్ణయంపై పరిశోధకుడు ఇచ్చే తీర్పు. దానిని మూలగ్రంథం చూసిన తరువాతే ఎంచుకోవాలి.

2. ‘గుర్తించారు’, ‘కనుగొన్నారు’, ‘తెలియజేశారు’ వంటి క్రియలు సత్యాన్ని ముందే అంగీకరిస్తాయి. వివాదాంశాలలో వాటిని పరిహరించాలి.

3. ‘ఖండించారు’ అనే పదం వాడినప్పుడు ఏ హేతువు ఏ హేతువును తొలగించిందో చూపాలి. లేనిచోట ‘విభేదించారు’ చాలు.

4. ఆంగ్లసంగ్రహంలోని క్రియ, తెలుగు వ్యాసంలోని క్రియ ఒకే ప్రమాణబలాన్ని చెప్పాలి. తెలుగులో ప్రతిపాదనగా ఉన్నది ఆంగ్లంలో నిరూపణ కాకూడదు.

5. స్థిరపడిన నిర్ణయాన్ని సందేహంగా చెప్పడమూ దోషమే.

మౌఖికపరీక్ష తరువాత నా గ్రంథంలో ‘నిరూపించారు’ ఉన్న ప్రతిచోటా మూలాన్ని తిరిగి చూశాను. కొన్నిచోట్ల ఆ పదం నిలిచింది. చాలాచోట్ల ‘ప్రతిపాదించారు’ అయింది. రెండుచోట్ల మూలంలో ఆ అభిప్రాయమే కనిపించలేదు. పరిశోధనవిద్యార్థులు తమ చిత్తుప్రతిపై ఈ ఒక్క పరీక్ష చేసి చూస్తే, చేయవలసిన పరిశోధన ఇంకా ఎంత మిగిలి ఉన్నదో వారికే తెలుస్తుంది.